క్యాన్సర్ జన్యు పరీక్ష గురించి రోగితో మాట్లాడటం: డాక్టర్లకీ నర్సులకీ ఏం నేర్పాలి?

వెన్నెల_జీసీ (జెనెటిక్ కౌన్సెలర్)

అందరికీ నమస్కారం. వచ్చే నెల క్యాన్సర్ విభాగంలో పనిచేసే డాక్టర్లకీ నర్సులకీ రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి. వంశపారంపర్య క్యాన్సర్లకి చేసే జన్యు పరీక్ష గురించి రోగితో ఎలా మాట్లాడాలన్నది విషయం.

పోయినసారి కూడా నేనే చెప్పాను. మొదటి రోజంతా స్లైడ్లే. చివర్లో పెట్టిన రాత పరీక్ష అందరూ బాగా రాశారు. మార్పు ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువుల్లో బీఆర్‌సీఏ1 17వ క్రోమోజోమ్ మీద ఉంటుందని, బీఆర్‌సీఏ2 13వ దాని మీద ఉంటుందని ఒక్కరూ తప్పు రాయలేదు. మూడు వారాల తర్వాత అదే బ్యాచ్‌లో ఒక డాక్టర్ పక్కన ఓపీలో కూర్చున్నాను. అండాశయ క్యాన్సర్‌తో వచ్చిన ఒకావిడతో ఆయన అన్నది ఇంతే: "ఒక బ్లడ్ టెస్ట్ రాస్తున్నానమ్మా, జెనెటిక్‌ది. రొటీనే." ఆవిడ "సరే సార్" అని చీటీ తీసుకుని లేచారు. ఆ చీటీలోని పరీక్ష బయట కుర్చీలో కూర్చున్న తన కూతుళ్లిద్దరి గురించి కూడా చెబుతుందని ఆవిడకి తెలియదు.

ఆ డాక్టర్‌కి విషయం తెలియక కాదు. తెలిసిందాన్ని రోగి ముందు ఏ మాటతో మొదలుపెట్టాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. నేనూ నేర్పలేదు. అందుకే ఈసారి స్లైడ్లు బాగా తగ్గించి, నోటితో పలికి సాధన చేయించాలనుకుంటున్నాను. మీ అనుభవంలో ఏ మాట దగ్గర సంభాషణ చెడింది, ఏ మాట దగ్గర కుదుటపడింది? రాయండి.

శస్త్రం (క్యాన్సర్ సర్జన్)

వెన్నెల గారూ, మనసులో మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. నా ఓపీలో ఒక్కో రోగికి ఏడెనిమిది నిమిషాలు దొరికితే గొప్ప. అందులోనే గడ్డ చూడాలి, స్కాన్ చూడాలి, ఆపరేషన్ గురించి చెప్పాలి. ఇప్పుడు జన్యువుల గురించి కూడా నన్నే చెప్పమంటే ఏదో ఒకటి సగంలో ఆగిపోతుంది. దానికి చదువుకున్న కౌన్సెలర్లు ఉన్నారు కదా. మేము పంపిస్తాం, మీరు చెప్పండి. ఎవరి పని వాళ్లు చేస్తేనే రోగికి మేలు.

వెన్నెల_జీసీ

సర్, కౌన్సెలర్లు సరిపడా ఉంటే నేనూ అదే అనేదాన్ని. ఎక్కడా లేరు.

అండాశయ క్యాన్సర్ సంగతే చూడండి. 100 మంది రోగుల్లో సుమారు 15 మందికి పుట్టుకతో వచ్చిన బీఆర్‌సీఏ మార్పు ఉంటుంది. వాళ్లలో చాలామంది ఇంట్లో అంతకుముందు క్యాన్సరే లేదు. అందుకే చరిత్ర ఉన్నా లేకున్నా అందరికీ పరీక్ష చేయమంటున్నారు. పైగా 2014లో ఈ మార్పున్నవాళ్లకి బాగా పనిచేసే ఒలాపరిబ్ అనే మందు వచ్చాక ఆ ఫలితాన్ని బట్టి మందే మారుతోంది. కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి ఆగితే మందు కూడా ఆగుతుంది.

లండన్‌లోని రాయల్ మార్స్‌డెన్‌లో ఇదే ఇబ్బంది వచ్చింది. అక్కడ క్యాన్సర్ డాక్టర్లకీ నర్సులకీ చిన్న శిక్షణ ఇచ్చి, వాళ్ల క్లినిక్‌లోనే మాట్లాడి పరీక్ష చేసే పద్ధతి పెట్టారు. మార్పు ఉందని తేలిన వాళ్లు జెనెటిక్స్ టీమ్ దగ్గరికి వెళ్తారు. 207 మంది రోగులతో చేసిన పనిని 2016లో ప్రచురించారు. ఫలితం చేతికొచ్చే సమయం నాలుగో వంతుకు తగ్గింది. దీన్ని మెయిన్‌స్ట్రీమింగ్ అంటున్నారు.

మిమ్మల్ని కౌన్సెలర్ కమ్మని అడగట్లేదు సర్. మొదటి నాలుగు మాటలు మీ నోటి నుంచి రావాలంటున్నాను. రోగి నమ్మేది మిమ్మల్ని.

సిస్టర్24 (కీమో డేకేర్ నర్సు)

ఆ నాలుగు మాటలు సరిగ్గా రాకపోతే మిగతావన్నీ మా దగ్గరికే వస్తాయి మేడమ్. కీమో ఎక్కేటప్పుడు నాలుగు గంటలు మాతోనే ఉంటారు. "డాక్టర్ గారు ఏదో రక్తం తీయమన్నారు సిస్టర్, నాకు ఇంకో క్యాన్సర్ వచ్చిందా?" అని అడుగుతారు. మాకేమో చెప్పే అధికారం ఉందో లేదో తెలియదు. "డాక్టర్ గారినే అడగండమ్మా" అంటాం. ఆ మాటతో భయం రెట్టింపవుతుంది.

ఒక్కటి మర్చిపోలేను. ఒకావిడ నవ్వుతూ వచ్చి కుర్చీలో కూర్చుని, "పాజిటివ్ వచ్చిందంట సిస్టర్! ఫోన్లో చెప్పారు" అన్నారు. తోడొచ్చిన కోడలితో స్వీట్లు కూడా తెప్పించారు. నేను సూది పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పాజిటివ్ అంటే ఆవిడకి మంచి కబురు, మాకేమో మార్పు దొరికిందని. ఆ పూట ఆ మాట విడమరిచి చెప్పాల్సింది నేనే అయింది. ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు.

దయచేసి పాజిటివ్, నెగెటివ్ అనే మాటలు మానిపించండి. "మార్పు కనిపించింది", "మేం వెతికిన చోట మార్పు కనిపించలేదు" అనొచ్చు కదా.

పీజీ_రెండోఏడు

కుటుంబ చరిత్ర రాసుకునేటప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. రోగి "మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ సార్, మా అత్తకి కూడా" అంది. నేను పెడిగ్రీలో, అంటే వంశవృక్షం బొమ్మలో, రెండు గుండ్రాలు గీసి జబ్బు ఉన్నట్టు నలుపు నింపేశాను. బలమైన చరిత్ర అని ప్రెజెంట్ చేశాను. మా మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "పిన్ని అంటే అమ్మ చెల్లెలా, చిన్నాన్న భార్యా?" వెనక్కి వెళ్లి అడిగితే పిన్ని చిన్నాన్న భార్య, అత్త మేనమామ భార్య. ఇద్దరికీ రోగితో రక్తసంబంధమే లేదు.

మన భాషలో అత్త, మామయ్య, పిన్ని, అన్నయ్య అన్నీ ఇంతే. పెదనాన్న కొడుకు కూడా అన్నయ్యే. వరస చెప్తే సరిపోదు, "ఎవరి కడుపున పుట్టారు?" అని అడగాలి.

వెన్నెల_జీసీ

ఇది శిక్షణలో పెడుతున్నాను, థాంక్స్. ఇంకోటి కలుపుతాను. నాన్న వైపు అడగడం చాలామంది మర్చిపోతారు. రొమ్ము క్యాన్సర్ అనగానే అమ్మ, అమ్మమ్మ, పిన్నులు. కానీ ఈ మార్పు తండ్రి నుంచి కూడా అంతే సమానంగా వస్తుంది. మగవాళ్లు ఎక్కువున్న ఇంట్లో మార్పు రెండు తరాలు బయటపడకుండానే కిందికి దిగుతుంది.

మూడోతరం

నేను వైద్యురాలిని కాదు, ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. నాకు బీఆర్‌సీఏ2 మార్పు ఉంది. క్యాన్సర్ లేదు. అమ్మకి వచ్చింది, అమ్మమ్మకి వచ్చింది.

నాకు ఫలితం చెప్పిన డాక్టర్ మంచివారే. కానీ ఆయన "మీకు క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం దాకా ఉంది" అన్నారు. అవకాశం అంటే నాకు ఉద్యోగం, చదువు గుర్తొస్తాయి. ఆ మాట పక్కన క్యాన్సర్ వినేసరికి ఒళ్లు జలదరించింది. తర్వాత ఆయన పది నిమిషాలు మాట్లాడారు. ఎంఆర్ఐ అన్నారు, ఆపరేషన్ అన్నారు, అండాశయాలు అన్నారు. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నేను ఆయన బల్ల మీదున్న పేపర్‌వెయిట్‌లో నీలం బుడగల్ని లెక్కపెట్టాను. తొమ్మిదున్నాయి. ఆ రోజు నుంచి ఇంటికి తెచ్చుకున్న సమాచారం అదొక్కటే.

వారం తర్వాత ఒక నర్సు ఫోన్ చేశారు. ఆవిడ ఏమీ చెప్పలేదు, అడిగారు. "ఆ రోజు విన్నదాంట్లో మీకు గుర్తున్నది చెప్పండమ్మా, లేనిది నేను కలుపుతాను" అన్నారు. తర్వాత "ఇంట్లో ముందు ఎవరికి చెప్పాలనుకుంటున్నారు?" అని అడిగారు. అప్పుడు ఏడ్చాను. అక్కడి నుంచి వినడం మొదలుపెట్టాను.

సిస్టర్24

అమ్మా, మీరు రాయకపోతే ఇంకెవరు రాస్తారు. రాయండి.

నిర్వాహకులు

రోగులూ కుటుంబసభ్యులూ తప్పకుండా రాయొచ్చు. రిపోర్టు ఫొటోలు, పేర్లు, ఆసుపత్రి వివరాలు మాత్రం పెట్టకండి.

వెన్నెల_జీసీ

మూడోతరం గారూ, మీకు ఫోన్ చేసిన నర్సు చేసిన పని మా పాఠంలో ముఖ్యమైనది. చెప్పింది రోగి నోటితో తిరిగి చెప్పించుకోవడం. "అర్థమైందా?" అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. "ఇంటికెళ్లాక మీ అన్నయ్యకి ఎలా చెప్తారు?" అని అడిగితే అర్థమైందో లేదో మనకే తెలిసిపోతుంది.

అంకెల గురించి. శాతం కంటే మనుషుల లెక్క మేలు. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం బీఆర్‌సీఏ1 మార్పున్న 100 మంది ఆడవాళ్లలో 80 ఏళ్లు నిండేలోపు సుమారు 72 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది, 28 మందికి రాదు. బీఆర్‌సీఏ2 అయితే 69 మంది. అండాశయ క్యాన్సర్ అయితే బీఆర్‌సీఏ1కి 44 మంది, బీఆర్‌సీఏ2కి 17 మంది. వచ్చేవాళ్ల పక్కనే రానివాళ్ల లెక్క కూడా చెప్పాలి. 80 ఏళ్లు అన్నది వదిలేస్తే 30 ఏళ్ల అమ్మాయికి రేపే వస్తుందన్నట్టు వినిపిస్తుంది. "అవకాశం" బదులు "100 మందిలో ఇంతమందికి" అంటే చాలు, ఆ మాటే అవసరం లేదు.

పిల్లలకి వచ్చేది సగానికి సగం అంటే, ఇద్దరు పిల్లలుంటే ఒకరికి ఖాయమని, మొదటివాడికి వస్తే రెండోవాడు తప్పించుకున్నట్టేనని అనుకుంటారు. ప్రతి కాన్పుకీ బొమ్మా బొరుసు మళ్లీ కొత్తగా వేసినట్టే అని చెప్పాలి.

శస్త్రం

రెండు రోజులుగా ఇవన్నీ చదువుతున్నాను. నాదొకటి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట, 42 ఏళ్ల ఆవిడ. రొమ్ము క్యాన్సర్. వాళ్ల అమ్మకీ, అమ్మ సొంత చెల్లెలికీ అదే. పరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చింది. నాకు నిజంగా సంతోషమేసింది. "మీ ఇంట్లో జన్యువుల గొడవేం లేదమ్మా, మీ చెల్లెలికి కూడా భయం లేదని చెప్పు" అన్నాను. చెల్లెలు మామోగ్రామ్‌లు మానేసింది. మూడేళ్ల తర్వాత నా ఓపీకే వచ్చింది, చంకలో గడ్డలతో. "సార్, మీరు భయం లేదన్నారంట కదా" అంది. కోపంగా అనలేదు. అది ఇంకా మనసులో ఉంది.

నెగెటివ్‌కి రెండు అర్థాలున్నాయని నాకు అప్పటికీ తెలుసు. ఇంట్లో ఫలానా మార్పు ఉందని ముందే తేలి, అది ఈ మనిషిలో లేకపోతే అది నిజమైన ఊరట. ఇంట్లో అసలు ఏ మార్పూ తేలకుండా నెగెటివ్ వస్తే, చూసిన జన్యువుల్లో మనకేమీ దొరకలేదని మాత్రమే అర్థం. కుటుంబ చరిత్ర అలాగే ఉంటుంది, చెల్లెలి పరీక్షలు కొనసాగాలి. ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం నేను పెట్టలేదు.

టైమ్ లేదన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను, అది నిజం. కానీ అర నిమిషంలో పట్టే వాక్యాలు ఉంటే నాకు నేర్పండి. నేర్చుకుంటాను.

ల్యాబ్‌కిటికీ (మాలిక్యులర్ ల్యాబ్)

సర్, మీరు రాసింది చదివి చాలాసేపు ఆగాను.

మా వైపు నుంచి ఒకటి. జబ్బు వచ్చిన మనిషి బతికుండగా, ఆరోగ్యంగా ఉన్న కూతురి రక్తం ముందు పంపుతారు. కూతురిలో ఏమీ దొరక్కపోతే అమ్మలో మార్పు ఉండి కూతురికి రాలేదా, అమ్మలోనే లేదా అన్నది తెలియదు. వీలైనంతవరకూ క్యాన్సర్ వచ్చినవాళ్లతోనే మొదలుపెట్టాలి. గతంలో దాత నుంచి ఎముకమజ్జ మార్పిడి జరిగి ఉంటే ఫారంలో తప్పక రాయండి. అప్పుడు రక్తంలో ఉండేది దాత డీఎన్ఏ. చర్మం నుంచి కణాలు పెంచి చేయాల్సి వస్తుంది.

ఇక అర్థం తేలని మార్పు, మనం వీయూఎస్ అనేది. 2015 నాటి అమెరికా మార్గదర్శకాలతో మార్పుల్ని హానిలేనిది నుంచి హానిచేసేది దాకా ఐదు తరగతులుగా పెడుతున్నాం. వీయూఎస్ నడిమి తరగతి. దీన్ని "కొంచెం పాజిటివ్" అని రోగికి చెప్పిన సందర్భాలు నాకు తెలుసు. దాన్ని నమ్మి అండాశయాలు తీయించుకున్నావిడ ఉన్నారు. రెండేళ్లకి మేమే అది హానిలేని మార్పు అని సవరించిన రిపోర్ట్ పంపాం. కొత్త వివరాలతో తరగతి మారిన వీయూఎస్‌లలో పదింట తొమ్మిది హానిలేని వైపే వెళ్తాయి. వీయూఎస్ చూసి ఆపరేషన్ నిర్ణయం తీసుకోకూడదు. బంధువులకి ఆ మార్పు కోసం పరీక్ష చేయించి, దాన్ని బట్టి నిర్ణయాలు తీసుకోకూడదు.

పీజీ_రెండోఏడు

మరి రోగికి ఏమని చెప్పాలి సార్? "తెలియదు" అంటే డాక్టర్ మీద నమ్మకం పోతుందేమోనని భయం.

వెన్నెల_జీసీ

ఆ భయం వల్లే "కొంచెం పాజిటివ్" పుడుతుంది. ఫలితం వచ్చాక కాదు, రక్తం తీయకముందే చెప్పేయాలి: "మూడు రకాల జవాబులు రావచ్చు. కారణం దొరకడం, దొరక్కపోవడం, ఒక అక్షరం తేడాగా కనబడినా అది మంచిదో చెడ్డదో శాస్త్రానికి ఇంకా తేలకపోవడం. మూడోది వస్తే మీ ఇంటి చరిత్రని బట్టే చూసుకుంటాం, తేలినప్పుడు కబురు చేస్తాం." ముందే విన్నవాళ్లు తర్వాత కంగారుపడరు. నేను చూశాను.

నిదానం (పాలియేటివ్ డాక్టర్)

నేను ఆఖరి రోజుల్లో చూసే మనిషిని. నా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది కాబట్టి రాస్తున్నాను.

పెద్దపేగు క్యాన్సర్‌తో 46 ఏళ్ల మనిషి. తమ్ముడికి ముందే వచ్చి పోయాడు, వాళ్లమ్మకి గర్భాశయ క్యాన్సర్. మూడు ఆసుపత్రుల ఫైళ్లు మోచేతి పొడుగున్నాయి. పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు వంశంలో దిగేలా చేసే లించ్ సిండ్రోమ్ అన్న మాట ఒక్క పేజీలో కూడా లేదు. కొడుకు నన్ను వరండాలో ఆపి, "సార్, మా ఇంట్లో వరసగా ఎందుకిలా అవుతోంది?" అన్నాడు. 22 ఏళ్ల కుర్రాడు. నాన్నని అడిగి ఆ సాయంత్రమే రక్తం తీసి డీఎన్ఏ భద్రం చేయించాం. ఆయన నాలుగో రోజు పోయారు. మార్పు దొరికింది. ఇప్పుడు ఆ అబ్బాయికి అదే మార్పు ఉందని తెలుసు, క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేయించుకుంటున్నాడు. నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ ఇంటి జవాబు ఆయనతోనే పోయేది.

ఈ జబ్బు చరిత్ర మొదలైందే ఇలా. 1895లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాథాలజిస్ట్ ఆల్డ్రెడ్ వార్తిన్ దగ్గర బట్టలు కుట్టే ఆవిడ, "మా వాళ్లంతా కడుపులోనో పేగులోనో గర్భాశయంలోనో క్యాన్సర్‌తోనే పోతున్నారు, నేనూ అలాగే పోతాను" అంది. ఆయన ఆ మాట కొట్టిపారేయకుండా కుటుంబమంతా రాసుకున్నాడు. 1913లో ప్రచురించాడు. ఆవిడ గర్భాశయ క్యాన్సర్‌తోనే చిన్న వయసులో పోయింది. ఆ కుటుంబాన్నే తర్వాత డాక్టర్ హెన్రీ లించ్ మళ్లీ వెతికి పట్టుకున్నాడు, జబ్బుకి ఆయన పేరే. ఆ ఇంటి క్యాన్సర్లకి కారణమైన ఎంఎస్‌హెచ్2 జన్యువులో లోపం దొరకడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

శిక్షణలో ఈ కథ చెప్పండి. రోగి "మా ఇంట్లో అందరికీ ఇంతే" అన్నప్పుడు చేతిలో కలం ఆగకూడదు.

పీజీ_రెండోఏడు

ఒక సందేహం. రోగి "నాకు చెప్పండి, మా అక్కకి మాత్రం తెలియకూడదు" అంటే? ఆస్తి గొడవలతో పదేళ్లుగా మాటల్లేవు. అక్కకి ముగ్గురు కూతుళ్లు.

నిదానం

ముందు "ఎందుకు" అని అడిగి నోరు మూసుకోవాలి. నాకు దొరికిన జవాబుల్లో పగ తక్కువ, సిగ్గు ఎక్కువ. "నా వల్ల వాళ్ల ఇంట్లో పిల్ల పెళ్లి ఆగిందంటారు" అని, "ఏం మాట్లాడాలో తెలియదు" అని. మాటలు రానివాళ్లకి ఉత్తరం ఇవ్వొచ్చు: ఫలానా జన్యువులో ఫలానా మార్పు మీ రక్తసంబంధీకుల్లో ఒకరికి దొరికింది, మీ డాక్టర్‌కి చూపించండి అని. పంపేది రోగే. మొదటి రోజే ఒప్పించాలని పట్టుబట్టొద్దు. నెల తర్వాత మళ్లీ అడగండి. డాక్టర్ సొంతంగా చెప్పొచ్చా అన్న దానికి దేశాన్ని బట్టి చట్టం మారుతుంది, అది మీ ఎథిక్స్ కమిటీని అడిగే విషయం.

మూడోతరం

నేను అన్నయ్యకి ఏడాది దాకా చెప్పలేదు. పగేం లేదు. ఇది ఆడవాళ్ల జబ్బు, వాడికెందుకు అనుకున్నాను. మగవాళ్లకి కూడా ఈ మార్పు వస్తుందని, ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని, వాళ్ల కూతుళ్లకి దిగుతుందని ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. వాడికి ఇద్దరాడపిల్లలు. తర్వాత పరీక్ష చేయించుకున్నాడు. ఉంది.

అమ్మ మాత్రం "నా వల్లే కదే" అని ఇప్పటికీ అంటుంది. "లోపం" అని రాశారు రిపోర్ట్ చెప్పిన కాగితంలో. ఆ మాట అమ్మకి గుచ్చుకుంది. "మార్పు" అని రాసినా అర్థం అదే కదా.

సిస్టర్24

అన్నయ్య పిల్లలకి ఎన్నేళ్లమ్మా? వాళ్లకి కూడా చేయించమని కంగారుపడే తల్లిదండ్రులు మా దగ్గరికి వస్తుంటారు.

వెన్నెల_జీసీ

బీఆర్‌సీఏ అయితే పిల్లలకి చేయరు. చిన్నతనంలో తెలిసినా చేసేదేమీ ఉండదు, పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకోవాలి. చిన్నప్పుడే చికిత్సో పరిశీలనో అవసరమైన జన్యువులు వేరే ఉన్నాయి: ఏపీసీ, ఆర్ఈటీ, టీపీ53 లాంటివి. "పిల్లలకి ఇప్పుడే వద్దు" అన్నప్పుడు ఎందుకు వద్దో చెప్పకపోతే డబ్బు కోసమో నిర్లక్ష్యంతోనో అంటున్నామనుకుంటారు.

సరే, ప్లాన్ మార్చాను. జన్యువుల పాఠం ముందే ఇంట్లో చదువుకుని వస్తారు. శిక్షణలో ముగ్గురేసి కూర్చుంటారు: ఒకరు డాక్టర్, ఒకరు రోగి, ఒకరు చూసేవాళ్లు. చూసేవాళ్లు డాక్టర్ ఎంతసేపు మాట్లాడారో, రోగి ఎంతసేపు మాట్లాడారో గడియారం పెట్టి రాస్తారు. శస్త్రం గారు అడిగిన అర నిమిషపు వాక్యాలు నాలుగు: పరీక్ష ఎందుకు, రాగల మూడు జవాబులు, ఇంట్లోవాళ్లకి సంబంధం, వద్దనే హక్కు. వీటిని కాగితం చూడకుండా పలకాలి. ఫలితం చెప్పే సీన్‌లో మార్పు దొరికిందని చెప్పాక పది సెకన్లు మౌనం. చేసి చూడండి, ఆ పది సెకన్లు ఎంత కష్టమో. నర్సులు విడిగా కాదు, డాక్టర్లతో కలిసే కూర్చుంటారు. ఏ ప్రశ్నకి ఎవరు జవాబివ్వాలో అక్కడే తేల్చుకుంటారు.

శస్త్రం

నేను వస్తాను. నెగెటివ్ రిపోర్ట్ చెప్పే సీన్ నాకివ్వండి.

వెన్నెల_జీసీ

తప్పకుండా సర్. మూడోతరం గారూ, మీరు రోగిగా కూర్చుంటారా? బలవంతం లేదు.

మూడోతరం

వస్తాను. ఒక్క కోరిక. నా ముందు కూర్చునే డాక్టర్‌కి నా రిపోర్ట్ ముందుగా ఇవ్వకండి. "మీ ఇంట్లో ఎవరెవరున్నారు" దగ్గర్నుంచి మొదలుపెట్టమనండి. మొదటి రోజు ఉదయం అయితే నాకు వీలు. మధ్యాహ్నం ఎంఆర్ఐ ఉంది.